ఇంజెక్షన్ ఇవ్వమనాలా, వద్దా: ఆ ఇంటికి తోడు నిలబడటం

"ఇది మీ కుక్కే అయితే ఏం చేస్తారు డాక్టర్ గారూ?"

కుక్కల్నీ పిల్లుల్నీ చూసే పశువైద్యులెవరైనా ఈ ప్రశ్న వినే ఉంటారు. అడిగే మనిషికి జబ్బు గురించి తెలియాల్సింది అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. కిడ్నీలు పోయాయని రిపోర్టు చెప్పింది. లేదా ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా గడ్డలు కనబడ్డాయి. ఇక మందులతో లాభం లేదని డాక్టరు మెల్లగా చెప్పాడు. మిగిలింది "ఇంజెక్షన్ ఇచ్చేయండి" అనే ఒక్క మాట. పదేళ్ళు పెరుగన్నం కలిపి పెట్టిన చేత్తోనే అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. ఆ బరువు తన ఒక్కడి మీదే పడకుండా ఇంకెవరైనా ఒక మాట సాయం చేస్తే బావుండునని ఆయన ఎదురుచూస్తున్నాడు.

ఆ మాట సాయం చేయాల్సినవాళ్ళ కోసం ఈ అధ్యాయం. మీరు ఆ ఇంటి అల్లుడు కావచ్చు, అక్క కావచ్చు, ఆఫీసు స్నేహితుడు కావచ్చు, రోజూ పొద్దున్నే గేటు దగ్గర ఆ కుక్కను పలకరించే పక్కింటావిడ కావచ్చు. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పశువైద్యులు కూడా కావచ్చు. మనుషుల చావు దగ్గర ఏం చేయాలో మనకు తెలుసు. ఎవరు వంట పంపాలో, ఎవరు బంధువులకు కబురు చేయాలో ఊరంతటికీ తెలుసు. కుక్క చివరి రోజుల్లో ఉన్న ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడాలో మాత్రం మనకు ఎవరూ నేర్పలేదు. అందుకే చాలామంది అసలు వెళ్ళరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నిర్ణయం మీరు తీసుకోకండి, కానీ ఆ మనిషి దాన్ని ఒంటరిగా తీసుకునే పరిస్థితి రానివ్వకండి. అందుకు దారి ఉంది. "చంపాలా, ఉంచాలా" అనే ప్రశ్నతో ఆ ఇల్లు రాత్రింబవళ్ళు కుస్తీ పడుతుంటుంది. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. "ఇవాళ దానికి ఎలా గడిచింది" అని అడిగితే మాత్రం ఇంట్లో ప్రతి ఒక్కరూ చెప్పగలరు. వాళ్ళను ఈ రెండో ప్రశ్న దగ్గరికి తీసుకురావడమే మీ పని.

ముందు జబ్బు ఖాయం కావాలి

మీరు అడుగుపెట్టగానే మొదట చేయాల్సింది ఓదార్పు కాదు. రిపోర్టులు చూపించమని అడగండి. ఎందుకంటే చివరి దశలా కనిపించేవన్నీ చివరి దశలు కావు.

ముసలి కుక్క ఒక్కసారిగా తల ఒక పక్కకు వంచేసి, కళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటూ, లేవబోయి పడిపోతుంది. వాంతులు చేసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు పక్షవాతం వచ్చింది, అయిపోయిందనుకుంటారు. లోపలి చెవి దగ్గర సమతూకం తప్పడం వల్ల ముసలితనంలో వచ్చే ఈ స్థితి చాలా కుక్కల్లో కొద్ది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, రెండు మూడు వారాల్లో మళ్ళీ నడుస్తాయి. తల కొంచెం వంకరగా మిగిలిపోవచ్చు, అంతే. అలాగే మన ప్రాంతంలో గోమార్ల జ్వరం సర్వసాధారణం. చిగుళ్ళు పాలిపోయి, ముద్ద ముట్టక, కదలకుండా పడుకున్న కుక్క రక్తపరీక్ష చేసి సరైన మందు మొదలుపెడితే లేచి కూర్చుంటుంది. జననాంగాల దగ్గర రక్తమోడే గడ్డ చూసి క్యాన్సరని హడలిపోతారు. అది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటే రకమైతే, వారానికోసారి ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలావరకు పూర్తిగా కరిగిపోతుంది. ఆడకుక్క గర్భసంచిలో చీము పట్టినప్పుడు వేళకు ఆపరేషన్ చేస్తే బతుకుతుంది. పుచ్చిపోయిన పళ్ళ నొప్పితో తిండి మానేసిన ముసలి పిల్లిని చూసి కాలం తీరిందనుకున్న ఇళ్ళూ ఉన్నాయి.

కాబట్టి ఇంకొక డాక్టరు చేత చూపించమని చెప్పడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల పశువైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. బండి మాట్లాడి, రిపోర్టులు ఫైల్లో సర్ది, వెంట వెళ్ళండి. తర్వాత ఏ నిర్ణయం తీసుకున్నా, చేయాల్సింది చేశామన్న నమ్మకం ఆ ఇంటికి మిగలాలి. తర్వాతి నెలల్లో వాళ్ళను నిలబెట్టేది అదే.

ఒక్క జబ్బు విషయంలో మాత్రం ఇంత తీరిక ఉండదు. రేబిస్ అనుమానం ఉంటే ఒళ్ళో పెట్టుకుని సేవ చేయడం ప్రాణాలకే ముప్పు. వెంటనే వైద్యుడికి కబురు చేసి, దాన్ని వేరుగా ఉంచి, చొంగ తగిలిన ప్రతి ఒక్కరూ ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టేలా చూడండి.

"తోక ఊపుతోంది కదా"

జబ్బు నయం కాదని తేలాక మొదలయ్యేది అసలు సంకటం. అయ్యో, ఇంకా తోక ఊపుతోంది కదా, నన్ను చూసి తల ఎత్తింది కదా, బిస్కెట్ ముక్క తిన్నది కదా అంటారు. నిజమే. కానీ కుక్క తన మనుషుల్ని చూసి తోక ఊపడం చివరి గంట వరకూ మానదు. అది ప్రేమకు గుర్తు, నొప్పి లేదనడానికి గుర్తు కాదు. పిల్లులైతే నొప్పిలో కూడా గురగురలాడతాయి. వేటాడి బతికిన జాతులు బాధను దాచుకుంటాయి. అందుకే బాధ ఏడుపుగా బయటికి రాదు, వేరే దారుల్లో బయటపడుతుంది. చల్లటి గదిలో కూడా ఎగశ్వాస తీస్తుంది. పడుకోలేక కూర్చునే కునుకు తీస్తుంది. పిల్లి ఒళ్ళు నాక్కోవడం మానేసి మంచం కింద దూరుతుంది. రోజూ ఎక్కే మెట్టు దగ్గర ఆగి చూస్తుంది.

ఆలిస్ విల్లాలోబోస్ అనే అమెరికన్ పశు క్యాన్సర్ వైద్యురాలు 2004లో ఇందుకోసం ఒక కొలమానం తయారుచేశారు. ఇప్పుడు చాలా దేశాల్లో పశువైద్యులు దాన్ని వాడుతున్నారు. అందులో ఏడు అంశాలున్నాయి: నొప్పి, ఆకలి, ఒంట్లో నీళ్ళు, శుభ్రత, ఉత్సాహం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు. మొత్తం 70లో 35 దాటితే ఇంటి సేవతో కొనసాగించవచ్చని ఆమె సూచన. ఊపిరి తీసుకోవడంలో ఇబ్బందిని ఆమె నొప్పి కిందే లెక్కగట్టారు, అన్నిటికన్నా ముందు దాన్నే చూడమన్నారు. అది చాలా సరైన మాట. తిండి లేకుండా ఒక రోజు గడుస్తుంది, ఊపిరాడకుండా పది నిమిషాలు గడవడం నరకం.

మార్కులు ఒక్కరే వేయకూడదు. ఎక్కువ సేవ చేసే మనిషి ఎక్కువ మార్కులు వేస్తారు, ఎందుకంటే ఆశ వాళ్ళకే ఎక్కువ. ఇంట్లో ముగ్గురుంటే ముగ్గురి చేతా వేరువేరుగా వేయించండి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడమనండి. అక్కడ మీరు వాదించనక్కర్లేదు. అమ్మ 6 వేసిన చోట రాత్రిళ్ళు మేలుకుంటున్న కొడుకు 2 వేసి ఉంటాడు, ఆ తేడా గురించి వాళ్ళే మాట్లాడుకుంటారు.

మార్కులు లెక్కలా అనిపిస్తే దానికన్నా సులువైనది ఉంది. గోడ మీద వెంకట్రామా క్యాలెండరు ఉంటుంది కదా, పాల లెక్కా గ్యాస్ బండ తేదీలూ రాసేది. రోజూ పడుకునే ముందు ఆ తేదీ గడిలో మంచి రోజైతే ఒక టిక్కు, చెడ్డ రోజైతే ఒక సున్నా పెట్టమనండి. మనసు నిన్నటి మంచి గంటను పట్టుకుని పోయిన వారమంతా మరిచిపోతుంది. క్యాలెండరు మరిచిపోదు.

ఇంకొకటి. ఆ జీవికి బాగా ఇష్టమైనవి మూడు రాయమనండి. నాన్న స్కూటర్ చప్పుడు వినగానే గేటు దగ్గరికి పరుగు, సాయంత్రం మేడ మీద గాలికి కూర్చోవడం, చేపల కూర వాసనకు వంటింటి గడప దగ్గర కాపలా. ఏ ఇంటికి ఆ ఇంటివి ఉంటాయి. జబ్బు బాగా ముదరకముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడే, ఈ మూడింటిలో రెండు పోయిన రోజున డాక్టరుకు ఫోన్ చేద్దాం అని అనుకుని కాగితం మీద రాసుకోవాలి. గుండె జబ్బున్న కుక్కయితే నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాయాలి. 30 దాటి పెరుగుతూ పోతుంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరును పిలవాలి.

ఈలోగా చేసే సేవలో మీరు చేయి కలపండి. లేవలేని కుక్కను నాలుగైదు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. పొట్ట కింద తువ్వాలు వేసి వెనక భాగం ఎత్తి నడిపిస్తే మూత్రానికి బయటికి వెళ్ళగలదు. నొప్పికి మందు పశువైద్యుడు రాసిందే వేయాలి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. మనం మింగే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు దెబ్బతీస్తాయి. ప్రేమతో ఇచ్చిన ఒక్క గోలీ ఉన్న నాలుగు మంచి రోజుల్ని కూడా మింగేస్తుంది.

డాలస్ నుంచి వీడియో కాల్

ఇది మన ఇళ్ళలో ప్రత్యేకంగా కనిపించే చిక్కు, అందుకని కొంచెం ఆగి చెబుతాను. ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొడుకు ముచ్చటపడి లాబ్రడార్ పిల్లను తెచ్చాడు. తర్వాత ఎమ్మెస్‌కు వెళ్ళాడు, అక్కడే ఉద్యోగంలో చేరాడు. కుక్క విజయవాడలో అమ్మానాన్నల దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు. తుంటి కీళ్ళు అరిగిపోయాయి, పొట్టలో గడ్డ ఉంది. 65 ఏళ్ళ తండ్రి, మోకాళ్ళ నొప్పుల తల్లి 30 కిలోల కుక్కను రోజుకు ఆరుసార్లు లేపుతున్నారు. కొడుకు రోజూ వీడియో కాల్‌లో దాని మొహం చూస్తాడు. అతని గొంతు వినగానే అది చెవులు రిక్కించి తోక కొడుతుంది. "బాగానే ఉంది కదమ్మా, డిసెంబర్‌లో వస్తున్నాను, అప్పటిదాకా ఉంచండి" అంటాడు.

తల్లిదండ్రులు అతనికి రాత్రి సంగతి చెప్పరు. వాడు అక్కడ ఒక్కడూ బెంగపెట్టుకుంటాడని దాచుతారు. అతను చూసేది రోజులో పది నిమిషాలు, వాళ్ళు చూసేది మిగిలిన రోజంతా. ఇక్కడ తప్పు ఎవరిదీ లేదు. సమాచారం ఒక పక్కనే ఆగిపోయింది. మీరు ఆ కుటుంబానికి దగ్గరివాళ్ళయితే మీరు చేయగల అతి పెద్ద మేలు ఆ సమాచారాన్ని దాటించడమే. కొడుక్కి విడిగా ఫోన్ చేయండి. "నువ్వు రాకముందే చేసేయమంటున్నాను" అనొద్దు. "రాత్రి రెండింటికి మీ నాన్న దాన్ని ఎత్తబోయి నడుం పట్టేసింది. అది పడుకోలేక తెల్లారేదాకా మూలుగుతోంది. డాక్టరు గారితో నువ్వే ఒకసారి మాట్లాడు" అని చెప్పండి. వైద్యుణ్ణి ముగ్గురూ ఉన్న కాల్‌లోకి తీసుకురండి. కొడుకు రావడానికి కుదురుతుందా, కుదరదా అన్నది ఆ కాల్‌లోనే తేలాలి. కుదరకపోతే ఆ రోజు ఫోన్‌లోనే పక్కన ఉంటాడు, దాని చెవి దగ్గర మాట్లాడతాడు. అది తక్కువ కాదు.

మనిషి రాక కోసం జీవిని బాధలో ఆపి ఉంచడం న్యాయం కాదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇదే విదేశీ ప్రయాణం ఇంకో రకంగానూ ఎదురవుతుంది. "మేం వెళ్ళిపోతున్నాం, చూసేవాళ్ళు లేరు, దానికి ఇంజెక్షన్ ఇచ్చేయండి" అని ఆరోగ్యంగా ఉన్న కుక్కను తెస్తారు. అది ఈ అధ్యాయం చెప్పే నిర్ణయం కిందికి రానే రాదు. దానికి కావాల్సింది కొత్త ఇల్లు. వెతకడానికి సాయం చేయండి. 1992 నుంచి పనిచేస్తున్న హైదరాబాద్ బ్లూక్రాస్ లాంటి సంస్థలను సలహా అడగమనండి. ఊరి చివర వదిలేసి వస్తామంటే మాత్రం, ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమని మొహమాటం లేకుండా చెప్పండి.

పాపం తగులుతుందా?

ఈ ప్రశ్న అడిగిన మనిషిని చదువుకోనివాళ్ళ కింద జమకట్టకండి. ప్రాణం పోసే శక్తి లేనివాడికి తీసే హక్కు ఎక్కడిదన్నది చాలా లోతైన ప్రశ్న. దానికి ఈ దేశంలో కఠినంగా అహింసను పాటించిన మనిషే ఒకసారి జవాబు చెప్పాల్సి వచ్చింది.

1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయంకాని స్థితిలో పడింది. పక్క మార్చినా బాధతో తల్లడిల్లేది. పశువైద్యుడు లాభం లేదన్నాడు. గాంధీ ఆశ్రమవాసులతో, గోశాల కమిటీతో చర్చించారు. ప్రాణం పోయలేని మనం తీయకూడదని ఒకరు అభ్యంతరం చెప్పారు. స్వార్థంతో తీసేటప్పుడు ఆ మాట వర్తిస్తుంది గానీ ఇక్కడ వర్తించదని గాంధీ భావించారు. చివరికి వైద్యుడి చేత ఇంజెక్షన్ ఇప్పించారు. ఆ సంగతి దాచకుండా తన పత్రికల్లో రాశారు. దేశం నలుమూలల నుంచి కోపంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. నొప్పి తీర్చడానికి వేరే మార్గం మిగలనప్పుడు, తన లాభం అందులో ఏమీ లేనప్పుడు, ఆ పని హింస కాదన్నదే ఆయన పక్షం.

ఈ సంగతి చెప్పండి. చెప్పి ఊరుకోండి. దీన్ని పట్టుకుని ఎదుటివాళ్ళ నమ్మకాన్ని ఓడించాలని చూడకండి. ఇంజెక్షన్ వద్దు, దాని అంతట అది పోవాలి అని ఒక కుటుంబం అనుకుంటే అదీ వాళ్ళ ధర్మమే. అప్పుడు మీరు అడగాల్సింది ఒకటే: మరి నొప్పి తెలియకుండా ఉండటానికి ఏం చేస్తున్నాం? సహజ మరణం అంటే నిద్రలో వెళ్ళిపోవడం అని చాలామంది అనుకుంటారు. కిడ్నీలు చెడిన పిల్లికి నోటి నిండా పుండ్లు పడి, వికారంతో రోజుల తరబడి సాగుతుంది. గుండె చెడిన కుక్క ఊపిరి కోసం పెనుగులాడుతుంది. ఆ దారి ఎంచుకున్నవాళ్ళకు నొప్పి మందులు, వికారం తగ్గే మందులు, చర్మం కింద ఎక్కించే సెలైన్ ఇంట్లో సిద్ధంగా ఉండాలి. రాత్రి పిలిస్తే పలికే డాక్టరు నంబరు ఉండాలి. ఇవి లేకుండా "దేవుడే తీసుకెళ్తాడు" అనడం ఆ మూగజీవిని ఒంటరిగా వదిలేయడమే.

పాడి పశువుల దగ్గర ఈ సందేహం ఇంకా బరువైంది. కాలు విరిగి లేవలేని ఎద్దు, ఈనిన తర్వాత వారాల తరబడి పడిపోయిన గేదె ఉన్న రైతుకు ఇంటి మనిషి పోతున్నట్టే ఉంటుంది, పైగా జీవనాధారం పోతుంది. రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆవులూ ఎద్దుల విషయంలో ప్రభుత్వ పశువైద్యాధికారి చూసి చెప్పకుండా ఏ అడుగూ వేయొద్దు.

డబ్బు సంగతి కూడా ఎవరో ఒకరు పైకి అనాలి. స్కానింగులు, ఆపరేషన్లు, రోజుల తరబడి సెలైన్లు మధ్యతరగతి ఇంటిని అప్పుల్లోకి నెట్టగలవు. డబ్బు లేక ఆపేశామన్న సిగ్గు దుఃఖంకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. ఖర్చు పెట్టినా ఆయుష్షు నెల రోజులే పెరుగుతుందని తెలిసినప్పుడు ఆపడం ప్రేమ తక్కువై కాదని మీ నోటితో చెప్పండి. వైద్యులైతే ముందే ఖర్చు ఎంతవుతుందో, ఎంత ఫలితం ఉంటుందో రెండూ కలిపి చెప్పండి.

వైద్యులకు ఇంకో మాట. మొదట్లో చెప్పిన ఆ ప్రశ్న మిమ్మల్ని అడిగినప్పుడు "మీ ఇష్టమండీ" అనకండి. దానికన్నా నిర్దయమైన జవాబు ఇంకోటి లేదు. మీరు చూసింది చెప్పండి: "నేనైతే ఈ వారం దాటనివ్వను, ఎందుకంటే రేపటి నుంచి దాని ఊపిరి ఇంకా కష్టమవుతుంది" అనో, "నేనైతే ఇంకో పది రోజులు మందు వేసి చూస్తాను" అనో. అభిప్రాయం మీది, నిర్ణయం వాళ్ళది అని వాళ్ళకూ తెలుసు.

ఆ రోజు

నిర్ణయం జరిగాక వాళ్ళు గాభరాలో ఏమీ అడగరు. అడగాల్సినవి మీరు అడగండి. ఇంటికి వచ్చి చేస్తారా, లేక ఆస్పత్రిలోనా? ఆస్పత్రిలో అయితే రద్దీ లేని వేళ ఇస్తారా? వరండాలో నలుగురి మధ్య ఏడవాల్సిన పని రాకూడదు. ఫీజు, సంతకాలు ముందే అయిపోవాలి. జరిగాక కౌంటర్ దగ్గర నిలబడి డబ్బు లెక్కపెట్టడం ఎవరికీ వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ముందు మత్తు ఇస్తారా? సరైన పద్ధతి ఇది. మొదట మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, దాంతో ఆ జీవి గాఢంగా నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు ముంజేతి నరంలోకి ఆపరేషన్లలో వాడే బార్బిట్యురేట్ రకం మందును పెద్ద మోతాదులో ఎక్కిస్తారు. పెంటోబార్బిటాల్ గానీ థయోపెంటోన్ గానీ. క్షణాల్లో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి నిర్ధారిస్తాడు. మత్తు లేకుండా, స్పృహలో ఉన్న జీవికి పొటాషియం క్లోరైడ్ లేదా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించడాన్ని అమెరికా పశువైద్య సంఘం మార్గదర్శకాలు ఆమోదయోగ్యం కాదని స్పష్టంగా చెబుతున్నాయి. అలా చేస్తామనే చోటికి వెళ్ళకండి.

చూడబోయేది ఏమిటో ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. కళ్ళు మూసుకోవు, తెరిచే ఉంటాయి. మూత్రం, మలం జారవచ్చు. గుండె ఆగాక కూడా ఒకటి రెండు సార్లు నోరు తెరిచి గట్టిగా ఊపిరి తీసినట్టు, కండరాలు అదిరినట్టు కనిపించవచ్చు. అప్పటికి దానికి ఏమీ తెలియదు. ఇది ముందు చెప్పకపోతే "ఇంకా బతికే ఉంది, నేను చంపేశాను" అనే భయం ఆ మనిషిని ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

దగ్గరుండాలా, బయటికి వెళ్ళాలా అన్నది ఎవరికి వారిది. ఉండలేనివాళ్ళను బలవంతపెట్టకండి. ఇంట్లో ఒక్కరూ ఉండలేమంటే మీరు ఉండండి. దానికి తెలిసిన గొంతు, తెలిసిన వాసన ఒకటి పక్కన ఉంటే చాలు. ఇంటి దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్ళండి.

పిల్లలకు అబద్ధం చెప్పొద్దు. ఊరికి పంపేశామంటే వాళ్ళు ఎదురుచూస్తారు. పడుకోబెట్టేశారంటే రాత్రి పడుకోవడానికి భయపడతారు. దానికి నయంకాని జబ్బు చేసింది, బాగా నొప్పిగా ఉంది, నొప్పి లేకుండా చనిపోయేలా డాక్టరు సాయం చేశారు, ఇక రాదు అని చెప్పాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి.

దేహాన్ని ఏం చేయాలో కూడా ముందురోజే తేలాలి. సొంత స్థలం ఉంటే లోతుగా, వీధి కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చాలి. ఇంజెక్షన్ మందు దేహంలోనే ఉంటుంది కనుక ఆరుబయట పారేస్తే తిన్న కుక్కలు, రాబందులు చచ్చిపోతాయి. హైదరాబాద్‌లో నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది. ఇతర ఊళ్ళలో మునిసిపల్ ఆఫీసులో అడిగి పెట్టుకోండి.

తర్వాతి వారాలు

అమెరికన్ పండితుడు కెన్నెత్ డోకా 1989లో ఒక రకం దుఃఖాన్ని గుర్తించి చెప్పాడు. చుట్టూ ఉన్న సమాజం దుఃఖమని ఒప్పుకోనిది, అందుకని పైకి చూపించలేనిది. పెంపుడు జీవి పోయిన దుఃఖం సరిగ్గా అలాంటిదే. సెలవు దొరకదు. పదో రోజు ఉండదు. "కుక్క కోసం ఇంత ఏడుపా" అంటారని మనిషి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తాడు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకైతే రోజు మొత్తం ఖాళీ అయిపోతుంది. పొద్దున్నే లేవడానికి, వాకింగ్‌కు వెళ్ళడానికి, ఎవరితోనైనా మాట్లాడటానికి ఉన్న ఒక్క కారణమూ అదే.

"ఇంకోటి తెచ్చుకోండి" అని మొదటి నెలలో అనకండి. "పోనీలే, బాధ తీరింది" అనేది కూడా వాళ్ళు అన్నాక మీరు అవునంటే చాలు. దాని పేరు పెట్టి మాట్లాడండి. అది చేసిన అల్లరి మీకు గుర్తున్నది చెప్పండి. గిన్నె, గొలుసు, పరుపు వాళ్ళు తీయమనేదాకా తీయకండి.

అపరాధ భావం తప్పకుండా వస్తుంది. ముందు చేయించినవాళ్ళు ఇంకో నాలుగు రోజులు ఆగాల్సిందంటారు. ఆగినవాళ్ళు అనవసరంగా బాధపెట్టామంటారు. రెండు రకాలవాళ్ళనూ చూశాక నాకు అర్థమైంది, ఆ బాధకు తేదీతో పెద్దగా సంబంధం లేదు. అప్పుడు వాళ్ళ చేత ఆ క్యాలెండరు, ఆ మార్కుల కాగితం మళ్ళీ తీయించండి. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో ఏం కనిపించిందో అందులో ఉంటుంది. వైద్యులు వారం తర్వాత ఒక్క ఫోన్ చేసి "మీరు చేసింది సరైందే, నేను దగ్గరుండి చూశాను" అంటే అది వంద మంది ఓదార్పుతో సమానం.

కొన్ని వారాలు గడిచినా తిండి, నిద్ర లేకపోతే, బతకాలని లేదనే మాట వస్తే, దాన్ని కుక్క కోసం బెంగ అని తీసిపారేయకండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరే నంబరు కలిపి ఫోన్ చేతికివ్వండి.

మీకు తెలిసిన ఇళ్ళలో ముసలి కుక్కో, జబ్బు చేసిన పిల్లో ఉన్న ఇల్లు ఒకటైనా ఉండే ఉంటుంది. జబ్బు ముదిరేదాకా ఆగకండి. ఈ ఆదివారమే వెళ్ళండి. దానికి ఇష్టమైనవి మూడు ఏమిటో అడిగి, వాళ్ళతో కూర్చుని రాయించండి.